గుండ్రని గింజల్లో దాగిన ముడుతలు

ప్రశ్న: గుండ్రని గింజల నుంచి మొలిచిన రెండు బఠాణీ మొక్కలను సంకరణం చేస్తే, వచ్చిన గింజల్లో కొన్నింటికి ముడుతలున్నాయి. జనకాల జన్యురూపం (ఆ లక్షణానికి వాటిలో ఉన్న జన్యువుల జత) ఏమిటి? గుండ్రని గింజల్లో శుద్ధమైనవి (జతలో రెండూ ఒకే రకం జన్యువులున్నవి) ఎన్నో వంతు? నాకు నాలుగో వంతు వచ్చింది, పుస్తకంలో మూడో వంతని ఉంది.
– ఒక ఇంటర్ విద్యార్థిని

జవాబు: ఇటువంటి లెక్కను అంతర్గత లక్షణం (జతలోని రెండు జన్యువులూ దానివే అయితేనే బయటపడేది) వైపు నుంచి మొదలుపెట్టడం మేలు. గుండ్రదనం బహిర్గత లక్షణం, అంటే జతలో దాని జన్యువు ఒక్కటున్నా కనిపించేది కాబట్టి, గుండ్రని గింజను చూసినంత మాత్రాన దానిలోని జన్యువుల జత ఏదో చెప్పలేము. ముడుతల గింజతో ఆ చిక్కు లేదు. గుండ్రదనానికి ‘గు’ అనీ, ముడుతలకు ‘ము’ అనీ గుర్తులు పెట్టుకుంటే అది ‘ముము’ తప్ప మరొకటి కాజాలదు. ఆ రెండు ‘ము’లలో ఒకటి ఒక జనకం నుంచి, రెండోది మరో జనకం నుంచి వచ్చి తీరాలి. జనకాలు గుండ్రని గింజల నుంచి మొలిచినవే కనుక వాటిలో ‘గు’ కూడా ఉండాలి. అంటే రెండూ ‘గుము’లే. జనకాల జన్యువులు ఎలా కలుస్తాయో చూపే గళ్ళ పట్టిక గీయకముందే సగం లెక్క తేలిపోయింది.

ప్రతి జనకం నుంచి ‘గు’ గానీ ‘ము’ గానీ సమాన అవకాశంతో అందుతుంది కాబట్టి, సంతతిలో ‘గుగు’, ‘గుము’, ‘ముము’ 1:2:1 నిష్పత్తిలో వస్తాయి. మొత్తం గింజల్లో శుద్ధమైన గుండ్రనివి ఎన్నో వంతని అడిగి ఉంటే మీ జవాబే సరైనది. ఇక్కడ అడిగింది గుండ్రని గింజల్లో మాత్రమే కాబట్టి, ముడుతలవాటిని పక్కనపెట్టి మిగిలిన మూడు వంతుల్లో ఒకటి అనాలి. తెలివైన విద్యార్థులు కూడా ఆ ‘గుండ్రని గింజల్లో’ అన్న మాటను దాటేసి చదువుతుంటారు.

నేటి చెక్ రిపబ్లిక్‌లోని బ్రనో నగర మఠంలో బఠాణీలపై ప్రయోగాలు చేసి, జన్యుశాస్త్రానికి పునాది వేసిన మెండెల్ 1866లో ప్రచురించిన పత్రంలో ఈ రెండు లెక్కలూ ఉన్నాయి. రెండో తరంలో ఆయనకు దొరికిన 7,324 గింజల్లో 5,474 గుండ్రనివి, 1,850 ముడుతలవి. ఆయన అక్కడితో ఆగక గుండ్రని గింజలను మళ్ళీ నాటి 565 మొక్కలను పెంచగా, 193 మొక్కలు గుండ్రని గింజలనే ఇచ్చాయి, 372 మొక్కలు రెండు రకాలనూ ఇచ్చాయి. మీ పుస్తకంలోని మూడో వంతు ఇదే.

చేతిలో ఉన్న ఒక గుండ్రని గింజ శుద్ధమైనదో కాదో తెలుసుకోవాలంటే, దాని నుంచి పెరిగిన మొక్కను ‘ముము’తో సంకరణం చేయాలి. ఒక్క ముడుతల గింజ వచ్చినా అది ‘గుము’ అని రూఢి అవుతుంది. అన్నీ గుండ్రనివే వస్తే మాత్రం తొందరపడి ‘గుగు’ అని రాయకండి. నాలుగే గింజలు చూసినట్లయితే, ‘గుము’ మొక్కకు కూడా అన్నీ గుండ్రంగా వచ్చే అవకాశం పదహారింట ఒకటి ఉంటుంది.