బాగున్న రోజునే అడుగు

అమ్మాయ్ సరితా,

రిపోర్టుల గురించి డాక్టరు గారు నీకు చెప్పాల్సింది చెప్పారు. రుమటాయిడ్ అని తేలాక భయపడటం సహజమే. నా సర్వీసులో సగానికి పైగా ఈ కీళ్ళవాతంతోనే గడిచింది కాబట్టి, దీన్ని పెట్టుకుని బళ్ళో టీచరుగా ఎలా నెగ్గుకురావాలో నాకు తెలిసింది రాస్తున్నాను. అది మందుల చీటీలో ఉండదు.

మొదటి మాట. ఏది అడగాలన్నా ఒంట్లో బాగున్న రోజునే అడుగు. మనం చేసేది సరిగ్గా దీనికి తిరగేసి. వేళ్ళు ముడుచుకుని చాక్‌పీసు పట్టలేని రోజున హెచ్‌ఎమ్ గది ముందు నిలబడతాం, గొంతు పూడుకుపోతుంది, అడగాల్సిన నాలుగింటిలో ఒకటి చెప్పి వచ్చేస్తాం. కాస్త తేలికపడ్డ వారంలో ఏ జబ్బూ లేనట్టు అందరి సబ్‌స్టిట్యూషన్ పీరియడ్లూ మీదేసుకుంటాం. నొప్పి లేని రోజున కూర్చుని అప్లికేషన్ రాయి. కింది అంతస్తులో క్లాసులు, ఎత్తు సరిపడే కుర్చీ, వరసగా మూడు పీరియడ్లు లేని టైమ్‌టేబుల్, మొదటి గంట ఖాళీ. జూన్‌లో టైమ్‌టేబుల్ వేయకముందే ఇవ్వు. వేశాక మార్చమంటే ఎవరి పీరియడో కదులుతుంది, వాళ్ళకు నీ మీద కోపం మిగులుతుంది.

మొదటి గంట ఎందుకంటున్నానో నీకు ఇప్పటికే తెలిసుంటుంది. ఈ జబ్బులో పొద్దున లేవగానే కీళ్ళు బిగుసుకుపోతాయి, గంట దాటినా వదలవు. మన జంటనగరాల బళ్ళేమో పొద్దున్నే మొదలు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి బస్సు మెట్లెక్కి, రాడ్డు పట్టుకుని వేలాడి వచ్చి, ఆ చేత్తోనే బోర్డు మీద గుండె బొమ్మ గీయాలంటే అయ్యే పని కాదు. ఒక గంట ముందు లేచి, వేడినీళ్ళలో చేతులు పెట్టి, నిదానంగా కదిలించు. నిద్ర చాలకపోతే రాత్రి సీరియల్ మానెయ్, పొద్దుటి గంటని మాత్రం వదులుకోకు.

మందుల్లో వేలు పెట్టనంటూనే ఒక్కటి చెప్తాను. ఈ జబ్బుకి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి వేసుకునే మందు. పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదకొస్తుంది. ఏ రోజు మందో క్యాలెండర్ మీద రాసి ఇంట్లో వాళ్ళక్కూడా చెప్పు. డాక్టరు సరేనంటే శనివారం రాత్రికి మార్చుకో, మర్నాటి వికారం ఆదివారంలో కలిసిపోతుంది. రెండో బిడ్డ ఆలోచన ఉంటే డాక్టరుకి ముందే చెప్పాలి, గర్భంతో ఉండగా ఆ మందు వాడకూడదు. రక్తపరీక్షలు బాగున్నాయని మానెయ్యకు, బాగున్నాయో లేదో తెలిసేది వాటితోనే. నిమ్స్‌లో చూపించుకుంటున్నావు కాబట్టి ఎల్‌బీ నగర్, మియాపూర్ మెట్రో లైను నీకు వరం. ఆసుపత్రి ఉన్న పంజాగుట్ట దాకా రైలు మారక్కర్లేదు, స్టేషన్లలో లిఫ్టులున్నాయి.

వంకాయ మానెయ్, ఆలుగడ్డ మానెయ్ అని స్టాఫ్‌రూమ్ అంతా వైద్యం చెప్తుంది. వింటూ తల ఊపు, ఖర్చు లేని పని. పేరు లేని పొడులు మాత్రం ముట్టకు. రెండు రోజుల్లో నొప్పి మాయమైతే అందులో స్టెరాయిడ్ ఉందేమోనని అనుమానించాలి.

ఇక పాఠం సంగతి. కూర్చుని చెప్తే బద్ధకమనుకుంటారని రాశావు. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్ళు అనుకోవచ్చు కూడా. పిల్లలు అనుకోరు. వాళ్ళకు రెండు మాటల్లో ఉన్నది చెప్పేయి. నువ్వు బయాలజీ చెప్పేదానివి, నీకు ఇంకా సులువు. శరీరాన్ని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే దారితప్పి సొంత కీళ్ళ మీద పడితే వచ్చే జబ్బు ఇది, అంటుకోదు, అంతే. ఆ తరవాత రోజూ దాని ఊసెత్తకు. బోర్డు పని పిల్లలకు అప్పగించు. లెక్కల క్లాసులో నేను కుర్చీలోంచి ఒక్కో మెట్టూ అడిగేదాన్ని, పిల్లవాడు బోర్డు మీద వేసేవాడు, తప్పొస్తే వెనక బెంచీ వాళ్ళు అరిచేవాళ్ళు. నేను వీపు తిప్పి గీకే రోజులకన్నా ఆ క్లాసుల్లోనే నాకు ఎవరికి ఏం రాలేదో కనిపించేది. నీ పాఠాల్లో బొమ్మల పని ఎక్కువ కాబట్టి ఒక్కసారి చార్టుల మీద గీయించి దాచుకో, ఏటేటా వాడొచ్చు. చార్టుకు ఒకవైపు ఇంగ్లీషు పేర్లు, ఒకవైపు తెలుగు పేర్లు రాయిస్తే, తెలుగు మీడియం నుంచి మారిన పిల్లలకు కూడా పనికొస్తాయి.

నీ బ్యాగు మాత్రం పిల్లల చేత మోయించకు. బోర్డు మీద రాస్తే వాళ్ళకు చదువు వస్తుంది, బ్యాగు మోస్తే రాదు. నోటు పుస్తకాల కట్ట ఇంటికి మోసుకెళ్ళడం కూడా ఆపెయ్, బళ్ళోనే కొన్ని కొన్ని చూడు. పెన్నుకు గుడ్డ చుట్టి లావు చేసుకుంటే వేళ్ళకు హాయి.

ఇంకోటి, ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను. టాయిలెట్ దూరమనో, బాగుండదనో నీళ్ళు తాగకుండా సాయంత్రం దాకా ఉంటారు మన ఆడ టీచర్లు. నువ్వలా చేయకు. కింది అంతస్తు గది అడిగేటప్పుడు అది టాయిలెట్‌కి ఎంత దూరమో కూడా చూసుకో.

వైకల్యం సర్టిఫికెట్ గురించి అడిగావు. ఇదివరకు సదరం అనేవాళ్ళం, ఇప్పుడు యూడీఐడీ కార్డు, అంటే వైకల్యమున్నవాళ్ళకిచ్చే గుర్తింపు కార్డు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, వాటిలో మన జబ్బు పేరు లేదు. సర్టిఫికెట్ ఇచ్చే మెడికల్ బోర్డు డాక్టర్లు కొలిచేది చేతులు, కాళ్ళు ఎంతవరకు కదులుతున్నాయని. ఈ జబ్బు ఇవాళ ఉన్నట్టు రేపుండదు, నువ్వు వెళ్ళిన రోజు వేళ్ళు చక్కగా వంగితే వైకల్య శాతం తక్కువే పడుతుంది. అందుకని పాత ఎక్స్‌రేలు, మందుల చీటీలు, నొప్పి ఎక్కువైన నెలల కాగితాలు తేదీల వరసలో పెట్టుకుని వెళ్ళు. ఉన్నదానికన్నా ఎక్కువ కుంటొద్దు, తక్కువా చూపించొద్దు. 40 శాతం వస్తే రాకపోకల ఖర్చుకిచ్చే కన్వేయన్స్ అలవెన్సుకి దరఖాస్తు పెట్టొచ్చు. ఆదాయపు పన్నులో కూడా 75,000 రూపాయల మినహాయింపు ఉంది, అయితే అది పాత పన్ను విధానంలోనే.

శాతం రాలేదని కుంగిపోకు. అదే చట్టంలో 20వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ సంస్థ వైకల్యమున్న ఉద్యోగికి తగిన సదుపాయాలు కల్పించాలి, దానికి 40 శాతం అనే గీత అక్కడ లేదు. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిందని ఉద్యోగంలోంచి తీసేయడానికీ, హోదా తగ్గించడానికీ వీల్లేదు. ఆ పోస్టు చేయలేకపోతే అదే జీతంతో వేరే పోస్టుకి మార్చాలి. ప్రైవేటు స్కూల్లో చేసే మీ చెల్లెలికి ఇదంతా ఉందనుకోకు, ఆ సెక్షన్ ప్రభుత్వ సంస్థలకే. ఆమె అపాయింట్‌మెంట్ లెటర్ సెలవుల గురించి ఏమంటుందో చదివి చూడాలి.

ఎన్నికల డ్యూటీ, సర్వే డ్యూటీ, పరీక్ష పేపర్లు దిద్దే స్పాట్ వాల్యుయేషన్. వీటిలోనే ఒళ్ళు హూనమవుతుంది. 2024 నవంబరులో ఇంటింటి సర్వేకి ప్రైమరీ టీచర్లు ఎన్ని మెట్లెక్కారో చూశావుగా. పేర్లు పంపేటప్పుడే నీ కాగితాల జిరాక్సు జత చేయించు. ఆర్డరు వచ్చాక రద్దు చేయించుకోవడం డ్యూటీ చేయడం కన్నా కష్టం.

అప్లికేషన్ రెండు కాపీలు తీసి, ఒకదాని మీద ముట్టినట్టు సంతకం, తేదీ వేయించుకో. ఇవ్వబోయే ముందు ఫోన్ చేసి చదివి వినిపించు, మధ్యాహ్నం మూడు తరవాత ఎప్పుడైనా సరే. అప్పటికి నా కీళ్ళూ వదులుతాయి.

నీ లెక్కల టీచర్