మా కడపలో మంచు పడదు, కార్తీకంలో వంక వస్తుంది

"అమెరికాలో ఉంటున్నాను. ఇక్కడివాళ్లు ఫలానా ఏడు మంచు నడుం దాకా పడిందని ఏళ్ల తరబడి చెప్పుకుంటారు. మన రాయలసీమలో అట్లా గుర్తుండిపోయిన చలికాలం ఏదైనా ఉందా? కడప వాళ్లెవరైనా చెప్పండి" అని మీరు అడిగారు. ఉంది. ఒకటి కాదు, నా బుద్ధి తెలిసిన తర్వాత మూడు ఉన్నాయి. కాకపోతే మావి మంచు లెక్కలు కావు, నీళ్ల లెక్కలు.

మంచు అంటే మాకు డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున రోడ్డు కనపడకుండా కమ్ముకునే పొగమంచే. ఎండెక్కితే పోతుంది. దాన్ని ఏడాది పేరుతో ఎవరూ గుర్తుపెట్టుకోరు. మేము గుర్తుపెట్టుకునేది చలి మొదలయ్యే ముందు వచ్చే తుపాను వానల్ని. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టి, వాటిలో కొన్ని పుదుచ్చేరి, నెల్లూరు మధ్య ఎక్కడో తీరం దాటుతాయి. ఆ మబ్బులు శేషాచలం, పాలకొండల మీదికి వచ్చి ఆగి కురుస్తాయి. ఏడాది మొత్తానికి 700 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే జిల్లా మాది. అందులో పెద్ద వాటా ఒక్కోసారి మూడు నాలుగు రోజుల్లోనే పడిపోతుంది. 100 మిల్లీమీటర్లు అంటే వినడానికి చిన్నగా ఉంటుంది. ఒక్క ఎకరం మీద అంత పడితే అది 4 లక్షల లీటర్ల నీళ్లు. రాతి కొండల మీద పడినప్పుడు అందులో ఇంకేది తక్కువ. మిగతాదంతా వంకల్లోకి, అంటే వాగుల్లోకి, దిగుతుంది.

మా వైపు పెద్దవాళ్లు "వరద వచ్చింది" అనడం తక్కువ. "వంక వచ్చింది", "ఏరొచ్చింది" అంటారు. ఏడాదిలో పది నెలలు ఎండిపోయి ఉండేది ఒక రాత్రి నడుచుకుంటూ ఇంటికి వచ్చినట్టు ఉంటుంది ఆ మాట.

మొదటిది 2001 అక్టోబరు. అప్పుడు నేను ఏడో తరగతి. మా ఇల్లు కడప ఊరి మధ్యలో పారే బుగ్గవంకకు నాలుగు వీధుల అవతల. వంక అంటే అప్పటిదాకా నాకు మురుగు నీళ్లు, పందులు, క్రికెట్ బంతి పడితే తీసుకురావడానికి ఎవరూ దిగని చోటు. అంతే. ఆ రాత్రి నన్ను నిద్ర లేపింది వాన చప్పుడు కాదు. పక్కింటి మామ మా తలుపు బాదుతున్న చప్పుడు. "నీళ్లొచ్చాండాయి, పిల్లోళ్లను తీసుకొని మా మిద్దె మీదికి రాండి" అని అరుస్తున్నాడు. మా నాయన జేజిని, అంటే మా నాయనమ్మను, వీపున ఎక్కించుకున్నాడు. మా అమ్మ బియ్యం మూట అటక మీదికి ఎత్తబోయింది. ఎత్తలేకపోయింది. వదిలేసి నా చేయి పట్టుకుంది. గడప దాటేసరికి నీళ్లు నా తొడల దాకా ఉన్నాయి, చల్లగా, బరువుగా, గట్టిగా లాగుతున్నాయి. నీళ్లకు అంత బలం ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

మామ వాళ్ల మిద్దె మీద ఆ రాత్రి ఏడెనిమిది కుటుంబాలున్నాం. కరెంటు లేదు. చీకట్లో ఏవేవో కొట్టుకుపోతున్న శబ్దం. ఎక్కడో గేదె అరుపు, కాసేపటికి అదీ లేదు. మామ భార్య అందరికీ దుప్పట్లు సరిపోక పెళ్లినాటి పట్టుచీరలు తీసి పిల్లలకు కప్పింది. ఈ మాట నేను ఎక్కడ చెప్పినా గొంతు పట్టుకుంటుంది. ఆ చీరల్లో ఒకటి బురదతో పాడైపోయిందని తర్వాత మా అమ్మ చెప్పింది. మామ భార్య మాత్రం ఒక్కసారి కూడా ఆ సంగతి ఎత్తలేదు.

తెల్లారి చూస్తే వీధి లేదు. ఉన్నది ఎర్రటి బురద. ఆ వరదలో ఊళ్లో ప్రాణాలు పోయాయి. మా బడికి వచ్చే ఒక అబ్బాయి ఆ తర్వాత మళ్లీ రాలేదు. వంకకు రెండు పక్కలా గోడలు కట్టాలన్న మాట గట్టిగా మొదలైంది ఆ తర్వాతే.

మధ్యలో 2015 నవంబరులో కూడా గట్టి వానలే పడ్డాయి. చెన్నై మునిగిన కాలం అది. మాకు చెరువులు నిండాయి, అంతవరకే. మా చిన్నాయనైతే ఆ ఏడాదిని ఇప్పటికీ మంచి ఏడాది అనే చెప్తాడు. పెద్ద వాన అంటే ప్రతిసారీ నష్టమని దూరంగా ఉన్నవాళ్లు అనుకుంటారు, కానీ మాకు అది నిజం కాదు. చెరువు నిండి మరవ పారితే ఊరంతా వెళ్లి చూసి వస్తుంది. ఆడవాళ్లు పసుపు కుంకుమ వేసి వస్తారు. వాన కోసం ఎదురుచూసే ఊళ్లు ఇవి.

రెండోది 2020 నవంబరు, నివర్ తుపాను. 25వ తేదీ అర్ధరాత్రి దాటాక పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. అది కోవిడ్ కాలం, నేను ఇంటి నుంచే పని చేస్తున్నాను. 26న పగలంతా ముసురు. సాయంత్రానికి మా వీధిలో వాన తెరిపి ఇచ్చింది. గండం గడిచిందనుకున్నాం. రాత్రి బుగ్గవంక ప్రాజెక్టు నుంచి నీళ్లు వదిలారని ఫోన్లు మొదలయ్యాయి. నాగరాజుపేట, రవీంద్రనగర్ వైపు నీళ్లు వచ్చేశాయన్నారు. మా ఇంట్లోకి మాత్రం నీళ్లు వీధి నుంచి రాలేదు. బాత్రూమ్ తూములోంచి వెనక్కి తన్నాయి. వంక నిండిపోయాక మురుగు కాలువ నీళ్లు ఎటూ పోలేక ఇళ్లలోకి ఎక్కుతాయని ఆ రోజే అర్థమైంది. మోకాళ్ల లోతు వచ్చాయి. ఫ్రిజ్‌ను మంచం మీదికి ఎక్కించాం. 2001లో బియ్యం మూట ఎత్తలేకపోయిన మా అమ్మ ఈసారి సాయంత్రమే సర్టిఫికెట్లు, మందులు, రేషన్ కార్డు ఒక స్టీలు డబ్బాలో పెట్టి పైన పెట్టేసింది. నేను నవ్వానని గుర్తు. రాత్రి పన్నెండుకు ఆ డబ్బా ఎక్కడుందని నేనే అడిగాను.

మూడోది 2021. దీని గురించి రాయడం నాకు కష్టం. అయినా మీరు అడిగినదానికి అసలు జవాబు ఇదే.

మా చిన్నాయన వాళ్ల పల్లె రాజంపేట అవతల చెయ్యేటి ఒడ్డున ఉంది. బాహుద, పింఛా అనే ఏర్లు కలిసి చెయ్యేరు అవుతుంది. చిన్నప్పుడు సెలవులకు పోతే మా జేజి ఆ ఏటి ఇసుకలో చెలమ తోడి నీళ్లు తాగిస్తూ కథ చెప్పేది. లిఖితుడనే ముని చేతులు నరికించుకొని ఈ ఏట్లో మునిగితే చేతులు తిరిగొచ్చాయి, అందుకే ఇది చెయ్యేరు అయింది అని. చేతులిచ్చిన ఏరని మాకు దానిమీద ప్రేమ.

2021 నవంబరు 18న ఎడతెరిపి లేని వాన. మరుసటి రోజు కార్తీక పున్నమి. రాత్రి తొమ్మిదికి చిన్నాయన ఫోన్ చేశాడు. "పింఛా ప్రాజెక్టు కట్ట తెగేటట్టుందంట, ఏరు బో ఎత్తుగా వచ్చాంది" అన్నాడు. గుట్ట మీదికి పోండి అని చెప్పాను. "పశువుల్ని విప్పి పోతాం" అన్నాడు. తర్వాత ఫోన్ కలవలేదు. 19వ తేదీ తెల్లవారుజామున వాయుగుండం చెన్నై దగ్గర తీరం దాటింది. అదే పొద్దున చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. 2.24 టీఎంసీల ప్రాజెక్టు అది, అంటే దాదాపు 6,300 కోట్ల లీటర్లు. పైనుంచి వస్తున్న వరద దానికి అదనం. పులపత్తూరు, మందపల్లె, తొగురుపేట, గుండ్లూరు వైపు ఊళ్ల మీదికి ఒక్కసారిగా దిగింది. పున్నమి పూజకని శివాలయంలో ఉన్నవాళ్లు కొట్టుకుపోయారు. నందలూరు దగ్గర ఆర్టీసీ బస్సులు నీళ్లలో చిక్కుకున్నాయి. నందలూరు, రాజంపేట మధ్య రైలు పట్టాల కింద కట్ట పోయి పట్టాలు గాల్లో వేలాడాయి. రెండు మూడు రోజుల్లోనే కమలాపురం దగ్గర పాపాఘ్ని మీది వంతెన కూడా కూలింది. టీవీలో ఇవన్నీ చూస్తున్నాం. మా వాళ్ల కబురు మాత్రం లేదు. ఆ ఒకటిన్నర రోజు మా నాయన కూర్చున్న చోటునుంచి లేవలేదు.

20వ తేదీ సాయంత్రం ఎవరిదో ఫోన్ నుంచి చిన్నాయన మాట్లాడాడు. బతికున్నారు. ఊళ్లో ఒక కుర్రాడు తెల్లవారుజామున తలుపు తలుపూ తట్టి అందరినీ గుట్ట ఎక్కించాడట. ఇంటర్ చదువుతున్న పిల్లవాడు. అతనికి ఎవరూ చెప్పలేదు, ఏటి శబ్దం మారిందని తనంతట తనే లేచాడట. ఆ తర్వాత నేనూ ఎంతోమందిని అడిగాను, శబ్దం మారడం అంటే ఏమిటని. "మామూలుగా ఏరు ఉరుకుతాది, ఆ పొద్దు ఉరిమింది" అన్నాడు ఒక పెద్దాయన.

నేను వెళ్లేసరికి మూడు రోజులైంది. అక్కడ పొలం లేదు. ఇసుక ఉంది. నాలుగడుగుల ఎత్తున, కోతకొచ్చిన వరి మీద, అరటి తోట మీద, అలలు అలలుగా. గట్లు తెలియడం లేదు, ఎవరి పొలం ఎక్కడ మొదలవుతుందో చెప్పలేకపోతున్నారు. ఇంటికి మూడు గోడలే ఉన్నాయి. విప్పి వదిలిన ఆవుల్లో ఒకటి తిరిగి వచ్చింది, రెండు రాలేదు. చిన్నమ్మ మాత్రం దూడను చంకనేసుకొని గుట్ట ఎక్కిందట. ఆ దూడను ఇప్పటికీ వదిలి ఉండదు. నన్ను చూడగానే ఏడవలేదు. "రోలు కనపళ్లేదు నాయనా" అంది. నాకు ముందు అర్థం కాలేదు. ఇద్దరు మగవాళ్లు కదపలేని రాతి రోలు, ఆమె అత్త వాడినది, పెరట్లో పాతి ఉండేది. అది కూడా పోయిందంటే నీళ్లు ఏ బలంతో వచ్చాయో ఆలోచించండి.

వాతావరణ శాఖ లెక్కలో ఒక రోజులో 204.4 మిల్లీమీటర్లు దాటితే అతి తీవ్రమైన వాన. కానీ మీకు ఒక సంగతి చెప్పాలి. 2020 రాత్రి మా వీధిలో వాన నిలిచాకే నీళ్లొచ్చాయి. 2021 పొద్దున చిన్నాయన వాళ్ల మీదికి వచ్చింది వాళ్ల పొలంలో పడిన వాన కాదు, పీలేరు, సుండుపల్లె వైపు పైన ఎక్కడో పడింది. మీ అమెరికాలో మంచు ఎవరి ముంగిట్లో పడితే వాళ్లకు కొలుచుకోవడానికి ఉంటుంది. మాకు ముంగిట్లో కొలిచి లాభం లేదు. అందుకే ఇప్పుడు కార్తీకంలో మబ్బు పడితే మా నాయన ఊరి మీది మబ్బు చూడడు, పాలకొండల వైపు చూస్తాడు. కొండ కనిపించకుండా రెండు పూటలు గడిస్తే వంక దగ్గరికి వెళ్లి నీళ్ల రంగు చూసి వస్తాడు. ఎర్రగా మారి పుల్లలు, ఆకులు కొట్టుకొస్తుంటే ఆ రాత్రి మేము కింద పడుకోం. మీ వాళ్లెవరైనా వంక పక్కన ఉంటే వాళ్లకు ఇదే చెప్పండి. వాన ఆగింది కదా అని దిగిరావద్దని చెప్పండి.

మరుసటి ఏడు నీళ్లు పైకొచ్చాయి. ఎండిపోయి వదిలేసిన చిన్నాయన బోరు మోటారు వేయకుండానే కొన్నాళ్లు పొంగింది. ఇసుక తీయించడానికే రెండేళ్లు పట్టింది. సగం పొలంలో మళ్లీ వరి వేశాడు, మిగతా సగం ఇంకా ఇసుకే. జేసీబీ వచ్చిన ప్రతిసారీ చిన్నమ్మ గట్టు మీద నిలబడి చూసేది. రోలు మాత్రం ఇంతవరకూ దొరకలేదు.