300 మీటర్ల పంపు లైనుకు ఎర్త్ వైరు ఎంత సైజు వేయాలి?

మీరు అడిగింది ఇదీ. గుణుపురం దగ్గర మీ రైస్ మిల్లుకు సొంత ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. మెయిన్ బోర్డు నుంచి వంశధార ఒడ్డున ఉన్న 15 హెచ్‌పీ పంపుకు 300 మీటర్ల దూరం. వోల్టేజ్ పడిపోకూడదని 10 స్క్వేర్ ఎంఎం బదులు 25 స్క్వేర్ అల్యూమినియం కేబుల్ కొంటున్నారు. ఎర్త్‌కు మాత్రం 8 గేజ్ జీఐ (జింకు పూత వేసిన ఇనుప) తీగ లాగి, పంపు దగ్గర ఒక ఎర్త్ పిట్ తవ్వితే చాలని మిస్త్రీ అంటున్నాడు.

చాలదండీ. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు మిల్లులకు, జీడిపప్పు ఫ్యాక్టరీలకు చాలా ఏళ్లుగా వైరింగ్ చేస్తున్నాను. దూరపు లైన్లలో నాకు ఎక్కువగా కనబడే లోపం ఇదే. ఫేజ్ వైరు లావు పెంచుతారు, ఎర్త్ సంగతి మర్చిపోతారు.

మోటారు వైండింగ్ చెడి ఫేజ్ బాడీకి తగిలిందనుకోండి. ఆ కరెంటు ఎర్త్ వైరు మీదుగా ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌కు తిరిగి వెళ్లాలి. అదీ ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట తానే ఆగే స్విచ్) వెంటనే ట్రిప్ అయ్యేంత గట్టిగా వెళ్లాలి. మీ మోటారు ఫుల్ లోడ్‌లో 21 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది కాబట్టి 32 ఆంపియర్ల సి కర్వ్ (మోటారు స్టార్టింగ్ కరెంటును ఓర్చుకునే రకం) ఎంసీబీ వేస్తారు. అది తక్షణం ఖాయంగా పడాలంటే పది రెట్లు, అంటే 320 ఆంపియర్లు కావాలి.

ఇప్పుడు లెక్క చూడండి. 25 స్క్వేర్ అల్యూమినియం 300 మీటర్లకు, వేడెక్కి ఉన్నప్పుడు, దాదాపు 0.43 ఓములు. 8 గేజ్ జీఐ తీగ 13 స్క్వేర్ ఉంటుంది, చూడ్డానికి గట్టిగానే కనిపిస్తుంది. కానీ ఇనుముకు రెసిస్టెన్స్ రాగి కంటే ఎనిమిది, తొమ్మిది రెట్లు ఎక్కువ. 300 మీటర్లకు మూడున్నర ఓముల దాకా వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ వైపుది కొంచెం కలిపితే మొత్తం 4 ఓములు. 230 వోల్టులను 4తో భాగిస్తే 57 ఆంపియర్లు. ఆ కరెంటుకు 32 ఆంపియర్ల ఎంసీబీ నిమిషాల తరబడి పడకుండా ఉండొచ్చు. అంతసేపూ పంపు బాడీ మీద దాదాపు 200 వోల్టులు ఉంటాయి.

ఇక పంపు దగ్గరి పిట్. ఒక జీడి ఫ్యాక్టరీలో బావి పంపుకు ఎర్త్ వైరే లేదు, పిట్ ఒక్కటే. బొగ్గు, ఉప్పు వేసి చక్కగా చేశారు, టెస్టర్‌తో 4 ఓములు చూపించింది, అందరికీ ధైర్యం. వానాకాలంలో వైండింగ్ తడిసింది. నీళ్లకు వెళ్లిన ఆవిడ డెలివరీ పైపు మీద చెయ్యి వేయగానే విసిరికొట్టినట్టు పడిపోయింది. అదృష్టం, బతికింది. నేను వెళ్లేసరికి ఎంసీబీ ఇంకా ఆన్‌లోనే ఉంది. మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెడితే ఒక ఫేజ్ సున్నా, అంటే బాడీకి తగిలేసింది. మన పిట్ 4 ఓములు, ట్రాన్స్‌ఫార్మర్ పిట్ 1, వైరుది అర ఓము. మొత్తం ఐదున్నర ఓములు, అంటే వెళ్లేది 42 ఆంపియర్లే. 32 ఆంపియర్ల బ్రేకర్‌కు అది లెక్కే కాదు. పిట్ తప్పకుండా ఉండాలి, కానీ అది ఎర్త్ వైరు పని చేయదు. పైగా ఇక్కడి రాతినేలలో ఎండాకాలం వస్తే ఆ 4 ఓములు కూడా నిలవవు.

మరి ఎంత వేయాలి? ఎర్తింగ్‌కు మన దేశ ప్రమాణం ఐఎస్ 3043 పట్టికలో, ఒకే లోహమైతే, ఫేజ్ 16 వరకు ఎర్త్ అంతే సైజు, 16 నుంచి 35 వరకు 16 స్క్వేర్, ఆపైన ఫేజ్‌లో సగం. షార్ట్ సర్క్యూట్ వేడికి తట్టుకోవడమే చూస్తే మీకు 16 కూడా ఎక్కువే. 240 ఆంపియర్లు (ఈ లెక్క కింద వస్తుంది) ఐదు సెకన్లు పారినా 7 స్క్వేర్ అల్యూమినియం తట్టుకుంటుంది. దూరపు లైనులో సమస్య వేడి కాదు, రెసిస్టెన్స్. అమెరికా విద్యుత్ కోడ్‌లో ఈ మాట నేరుగానే ఉంది: వోల్టేజ్ డ్రాప్ కోసం ఫేజ్‌ను ఎన్ని రెట్లు పెంచితే ఎర్త్‌ను కూడా అన్ని రెట్లు పెంచాలి. మీరు 10 నుంచి 25కు వెళ్తున్నారు, కాబట్టి ఎర్త్ కూడా 25 వేయండి. అప్పుడు వెళ్లి వచ్చే దారి మొత్తం ఒక ఓముకు కాస్త లోపే, 240 ఆంపియర్ల దాకా వస్తుంది. 16తో అయితే 190 దగ్గరే ఆగిపోతుంది.

240 కూడా 320 కాదని మీరు గమనించే ఉంటారు. అందుకే మెయిన్ బోర్డులో ఆ లైనుకు 100 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (అంత కొంచెం కరెంటు లీకైనా లైను ఆపేసే స్విచ్) తప్పనిసరిగా పెట్టండి. ఇందులో ఖర్చు చూసుకోవద్దు. ఎవరికైనా సొంత ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఎల్‌టీ (తక్కువ వోల్టేజ్) కనెక్షన్ మాత్రమే ఉంటే, తిరుగుకరెంటు మట్టిలోంచే వెళ్లాలి. అక్కడ ఆర్‌సీసీబీ లేకుండా మోటారు ఆన్ చేయనే కూడదు.

కొనేటప్పుడు నాలుగు కోర్ల 25 స్క్వేర్ ఆర్మర్డ్ (పైన ఉక్కు తొడుగు ఉన్న) కేబుల్ తీసుకోండి. పంపుకు న్యూట్రల్ అక్కర్లేదు కాబట్టి నాలుగో కోర్ ఎర్త్ అవుతుంది. ఫేజ్‌లతో ఒకే కందకంలో కలిసి వెళ్తుంది, అది కూడా ముఖ్యమే. షాపువాళ్లు మూడున్నర కోర్ అంటగడతారు, అందులో ఆ సగం కోర్ సన్నంగా ఉంటుంది, వద్దనండి. ఆర్మర్‌ను రెండు చివర్లా గ్లాండ్ (కేబుల్‌ను పట్టే బిగింపు) దగ్గర ఎర్త్‌కు కలపండి. త్రీఫేజ్ మోటారు బాడీకి రెండు వేర్వేరు ఎర్త్ కనెక్షన్లు ఉండాలని కేంద్ర విద్యుత్ అథారిటీ నియమం. ఒకటి ఈ కోర్, రెండోది పిట్ నుంచి పట్టీ.

ఇంకొక్కటి. కందకం పూడ్చకముందే పంపు దగ్గర లూప్ టెస్టర్ (ఫేజ్, ఎర్త్ దారి మొత్తం రెసిస్టెన్స్ కొలిచేది) పెట్టించి చూడండి. ఆర్‌సీసీబీ పడకుండా కొలిచే మోడ్ ఉన్న టెస్టర్ తెమ్మనండి. రీడింగ్ ఒక ఓము దాటితే ఎక్కడో లగ్గు (వైరు చివర బిగింపు) వదులుగా ఉన్నట్టే, అక్కడే వెతికించండి.