హబ్‌కు తగిలించిన హార్డ్ డిస్క్ మధ్యలో ఆగిపోతుంటే

లాప్‌టాప్‌కు ఉన్న ఒకే యూఎస్‌బీ పోర్టుకు చిన్న హబ్ (ఒక పోర్టును పలు పోర్టులుగా చేసే పరికరం) పెట్టి, దానికే కీబోర్డు, వైర్‌లెస్ మౌస్ రిసీవరు, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కలిపితే, ఫైళ్లు కాపీ అవుతుండగా డిస్క్ మాయమవుతోందనీ, మౌస్ కూడా తడబడుతోందనీ మీరు రాశారు. ఇవి రెండూ వేర్వేరు సమస్యలని నా అభిప్రాయం.

మొదటిది కరెంటు చాలకపోవడం. ప్రమాణం ప్రకారం యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీఆంపియర్లు, 3.0 పోర్టు 900 మిల్లీఆంపియర్లు ఇస్తుంది. సొంత అడాప్టరు లేని హబ్ ఆ కాస్త కరెంటునే తనకు తగిలించిన పరికరాలన్నింటికీ పంచాలి. హార్డ్ డిస్క్ మోటారు తిరగడం మొదలైన క్షణంలో మామూలు కన్నా ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి, వోల్టేజీ పడిపోయి, టిక్కుమనే శబ్దంతో డిస్క్ ఆగి మళ్లీ మొదలవుతుంది. ఆ శబ్దం వస్తోందేమో చెవి ఒగ్గి వినండి. అడాప్టరుతో పనిచేసే హబ్ తీసుకోవడమే దీనికి సరైన పరిష్కారం. డ్రైవర్లు, అంటే పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, తీసి మళ్లీ వేయడం వల్ల ఇక్కడ ఒరిగేదేమీ లేదు. అయితే కొనే ముందు, హబ్ తీసేసి డిస్క్ ఒక్కదాన్నే నేరుగా లాప్‌టాప్‌కు కలిపి చూడండి. అప్పుడూ ఆగిపోతుంటే కేబుల్‌నో డిస్క్‌నో అనుమానించాలి. అందులోని ఫైళ్లను ముందు మరోచోట భద్రపరచుకోండి.

ఇక మౌస్ సంగతి. యూఎస్‌బీ 3.0లో డేటా ప్రవహిస్తున్నప్పుడు వెలువడే రేడియో రొద, 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే రిసీవర్లకు అడ్డు తగులుతుంది. రిసీవరును ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో డిస్క్‌కు దూరంగా, మౌస్‌కు దగ్గరగా జరిపితే సాధారణంగా సరిపోతుంది.