విశాఖ టీయూ-142: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా పదో తరగతి పిల్లలకు విశాఖ బీచ్ రోడ్డులోని టీయూ-142 విమానం మ్యూజియం చూపించి ఒక్కరోజులో తిరిగి రావాలి. ఎలా?
– ఒక ఉపాధ్యాయిని, అమలాపురం

జవాబు: సోమవారం పెట్టుకోకండి, ఆ రోజు సెలవు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం నుంచే తెరుస్తారు, ఆదివారమైతే పొద్దున కూడా ఉంటుంది. వేళలు మారుతుంటాయి కనుక ముందు రోజు కనుక్కోండి. ముప్పై మంది దాటితే బస్సు మాట్లాడుకోవడమే సుఖం. యెదుర్లంక వంతెన, కాకినాడ మీదుగా వెళ్లి కత్తిపూడి దగ్గర పెద్ద హైవే ఎక్కవచ్చు. రైలే కావాలంటే సామర్లకోట దాకా వెళ్లాలి. అయితే తిరుగు ప్రయాణానికి రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌ను నమ్ముకోవద్దు, అది విశాఖలో మధ్యాహ్నమే బయల్దేరిపోతుంది.

ప్రశ్న: ఆ విమానానికి ఒక్కో ఇంజన్‌కీ రెండేసి ఫ్యాన్లు ఎందుకు? లోపల ఏం చూడాలి?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: ముందు వరసలో నాలుగు రెక్కలు ఒక వైపు తిరిగితే, వెనక నాలుగూ ఎదురు వైపు తిరుగుతాయి. ముందు ఫ్యాన్ గాలిని వెనక్కి తోస్తూనే సుడి తిప్పుతుంది. ఆ సుడిలో పోయే బలం దండగ. వెనక ఫ్యాన్ సుడిని విప్పి, దాన్నీ తోపుగా మారుస్తుంది. ఒక్కో ఇంజన్ సుమారు 15,000 హార్స్‌పవర్ మరి, ఒక్క ఫ్యాన్‌తో అంత బలాన్ని వాడుకోవడం కష్టం. నాలుగు ఇంజన్లకు కలిపి 32 రెక్కలు, పిల్లల చేత లెక్కపెట్టించండి. ఈ ఏర్పాటుకు చెల్లించే మూల్యం చెవులు దిమ్మెక్కే మోత.

ఇది సబ్‌మెరైన్లను వేటాడే విమానం. 1988లో గోవాలో నౌకాదళంలో చేరింది, 1992లో తమిళనాడులోని అరక్కోణం వెళ్లింది, 2017 మార్చి 29న విరమించింది. అదే ఏడాది డిసెంబరులో మ్యూజియం అయింది.

చాలామంది మ్యూజియంలోని ప్రదర్శన హాలును గబగబా దాటేసి విమానం ఎక్కేస్తారు. అక్కడే పొరపాటు. హాల్లోని సోనోబాయ్ అనే గొట్టం అర్థం కాకపోతే లోపలి పరికరాలన్నీ ఉత్త పెట్టెల్లాగే కనిపిస్తాయి. గాలానికి కట్టే బెండును తలచుకోండి. విమానం జారవిడిచిన ఈ గొట్టం అలాగే సముద్రంపై తేలుతుంది. దాని తీగ చివర మైకు నీటిలోకి దిగి సబ్‌మెరైన్ చప్పుడు వింటుంది. విన్నది రేడియోలో పైకి పంపుతుంది. బయటికొచ్చాక నిలువు తోక కొసన వెనక్కి పొడుచుకొచ్చిన భాగం చూడండి. సబ్‌మెరైన్ ఉక్కు వల్ల భూమి అయస్కాంత క్షేత్రంలో వచ్చే చిన్న తేడాను పట్టేది అదే. విమానం సొంత లోహం అడ్డు రాకుండా అంత దూరంగా పెట్టారు.

ప్రశ్న: నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. ఎదురుగా ఉన్న కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం కూడా చూడగలరా?
– ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: విమానంలోకి మెట్లెక్కాలి, లోపల ఇరుకు. సబ్‌మెరైన్ ఇంకా కష్టం. గదికీ గదికీ మధ్య గుండ్రటి కంతల్లోంచి వంగి, కాలెత్తి దాటాలి. హాలు చాలు, ఆపై బీచ్‌లో కూర్చోబెట్టండి.

ప్రశ్న: ఫొటోలో విమానం నల్లగా వస్తోందేం?
– ఒక విద్యార్థి, నరసాపురం

జవాబు: సాయంత్రం రోడ్డు మీంచి తీస్తే ఎండ విమానం వెనక పడుతుంది. పొద్దు గుంకి లైట్లు వెలిగాక తీయండి.