వైన్ షాపులో లెక్కలు రాయొచ్చా?

ప్రశ్న: బి.కాం. చదివాను. వైన్ షాపులో లెక్కలు రాసే పని దొరికింది. నేను తాగను. అయినా చేరితే ప్రభువు బల్లకు (సంఘంలో రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచరణకు) రానివ్వమని సంఘ పెద్దలు అంటున్నారు. తప్పా? – ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: బైబిల్లో ఎఫెసీ 5:18 తప్పుపట్టింది మత్తును. నెహెమ్యా రాజుకు ద్రాక్షారసపు గిన్నె అందించిన ఉద్యోగే. కాబట్టి ఆ జీతం దానికదే పాపం కాదు. పెద్దల భయమూ ఉత్తది కాదు: పొరుగువాడికి తాగబోసి మత్తెక్కించేవాడికి శ్రమ అంటుంది హబక్కూకు 2:15. అందుకే చేరేముందే ఓనర్‌ను అడగండి: 21 ఏళ్లు నిండనివాళ్లకు అమ్ముతారా? లైసెన్సు లేని బెల్టు షాపులకు మందు పెట్టెలు పోతాయా? వాటిని చిల్లర అమ్మకాలుగా రాయమంటే అది దొంగలెక్క, ఒప్పుకోవద్దు. ఆదివారం ఆరాధన వేళకు సెలవు ముందే మాట్లాడుకోండి, తర్వాత ఎవరూ ఇవ్వరు. సంఘంలో తాగుడు మానిన తమ్ముడెవరైనా మిమ్మల్ని చూసి మళ్లీ ఆ మెట్లెక్కుతాడనిపిస్తే, సహోదరుడికి అడ్డం కలిగించేది మానడం మంచిదనే రోమా 14:21 ప్రకారం వేరే పని చూసుకోండి.