ఓటములు కూడా రాయి

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. మీ బరంపురం వీధి చివరింటి బాక్సర్ గ్లోవ్స్ విప్పేస్తున్నాడట, వీధివాళ్లంతా కలిసి సన్మానం పెట్టుకున్నారట, సన్మాన పత్రం, సావనీర్‌లో వ్యాసం రెండూ నీ చేత రాయిస్తున్నారట. వినగానే ఛాతీ ఉప్పొంగింది. ఫోన్ పెట్టేశాక భయం పట్టుకుంది. నీకు మాట బాగా పలుకుతుంది. నా భయం అదే. మాట బాగా పలికేవాళ్లే ఆటగాడికి ఎక్కువ అన్యాయం చేస్తారు. "ఉక్కుపిడికిలి, ఓటమెరుగని వీరుడు" అని మొదలెట్టావంటే ఆ పత్రంలో ఏ బాక్సర్ పేరు పెట్టినా సరిపోతుంది. ఇంక అతనికని నువ్వు రాసిందేమిటి?

చిల్లర సంగతులు ముందు. పత్రం పైకి చదివితే మూడు నిమిషాలు దాటకూడదు, ఒడియాలోనూ చదవాలి కదా. శాలువా ఎవరు కప్పుతారో, దండ ఎవరు వేస్తారో నీకనవసరం. స్వాగత సంఘంవాళ్లు నాయకుల పేర్లు పత్రంలో ఇరికించమంటారు; వాటికి ఆహ్వానపత్రిక ఉందని చెప్పు.

పేరు దగ్గర మాత్రం ఆగు. మనవాళ్లకి ఇంటిపేరు ముందు, ఒడియా గుమాస్తాకి వెనక. అందుకని ఒక సర్టిఫికెట్లో ఇంటిపేరు పొట్టక్షరమైపోతుంది, ఇంకోదాంట్లో "రావు" ఇంటిపేరై కూర్చుంటుంది. ఒకే మనిషి రికార్డు ఇద్దరి పేరున చీలిపోతుంది. 2011కి ముందు కాగితాల మీద ఒరిస్సా అని ఉంటుంది, తర్వాతవాటి మీద ఒడిశా. పైగా అతను సైన్యంలో చేరాడు. అక్కణ్ణుంచి జాతీయ పోటీల్లో ఒడిశా జట్టులో కాదు, సైనిక దళాల సర్వీసెస్ జట్టులో దిగుతాడు. ఒడిశా పతకాల జాబితాలో వెతికి "ఆ ఏళ్లలో ఏమీ లేదు" అని రాసేవు సుమా!

ఇంకో ఖాళీ కూడా కనిపిస్తుంది. 2012 డిసెంబరులో మన దేశపు బాక్సింగ్ సమాఖ్యని అంతర్జాతీయ సంఘం సస్పెండ్ చేసింది. 2016లో ఇప్పటి సమాఖ్య బీఎఫ్ఐ వచ్చేదాకా జాతీయ పోటీలు సక్రమంగా జరగలేదు. సస్పెండ్ చేసేనాటికి ఇతనికి ఇరవై రెండు, ఇరవై మూడేళ్లు ఉండుంటాయి. బాక్సర్ ఒళ్లు మంచి కాకమీద ఉండే వయసు. ఆ నాలుగేళ్లు అతను ఊరుకున్నట్టు రాయకు, పోటీలే సక్రమంగా జరగలేదని రాయి.

ఒక అడ్డగీతల నోటుబుక్కు తీసుకుని రెండు పేజీలు కలిపి గళ్లు గీసుకో: తేదీ, పోటీ, బరువు, ఎన్నో రౌండ్ బౌట్, ప్రత్యర్థి, అతని జట్టు, ఫలితం, ఎలా తేలింది. ఆఖరి గడి ముఖ్యం. పాయింట్ల మీదా, రెఫరీ ఆపేశాడా, నాకౌటా, అవతలివాడు దిగకపోతే ఇచ్చే వాకోవరా? సర్టిఫికెట్ స్థానమే చెబుతుంది, ఎంతమందిని కొట్టి ఆ స్థానం తెచ్చుకున్నాడో చెప్పదు. మన ఆటలో సెమీస్‌లో ఓడిన ఇద్దరికీ కాంస్యం ఇస్తారు, మూడో స్థానానికి బౌట్ ఉండదు. కాబట్టి నలుగురే ఉన్న డ్రాలో (అంటే ఎవరు ఎవరితో తలపడాలో వేసే పట్టికలో) ఒక్క బౌట్ కూడా గెలవకుండా కాంస్యం మెడలో పడుతుంది. ముప్పై ఇద్దరున్న డ్రాలో అదే కాంస్యానికి మూడు బౌట్లు గెలవాలి, స్వర్ణానికి ఐదు. పతకం రంగు ఒకటే, చెమట ఒకటి కాదు. (జిల్లా పోటీల స్వర్ణాలన్నీ ఒక వరసలో చెప్పేసెయ్యి, అతనే ఒప్పుకుంటాడు.)

అంకెలు కూడా కాలాన్నిబట్టి చదవాలి. కంప్యూటర్ లెక్క ఉన్న రోజుల్లో 9-7 అంటే జడ్జీల్లో ముగ్గురు ఒక్క సెకను వ్యవధిలో మీట నొక్కితే లెక్కకొచ్చిన దెబ్బలు. 2013లో పది పాయింట్ల పద్ధతి వచ్చింది: రౌండ్ గెలిచినవాడికి పది, ఓడినవాడికి తొమ్మిదో అంతకన్నా తక్కువో. ఇప్పుడు 5-0 అంటే ఐదుగురు జడ్జీలూ ఒకవైపు ఉన్నారని మాత్రమే. ఐదుగురి కాగితాల్లోనూ 29-28 ఉండొచ్చు, అంటే తేడా ఒక్క రౌండ్. "5-0తో చిత్తుగా ఓడాడు" అని పేపర్లవాళ్లు రాస్తే రాయనీ, నువ్వు రాయకు.

ఇప్పుడు అసలు సంగతి. చాలా ఏళ్ల కిందట ఇక్కడే ఒక బాక్సర్‌కి సన్మానం చేశారు. ఆ పత్రం రాసింది నేనే, కాబట్టి తిట్టేదీ నన్నే. ఇరవై నాలుగు వరసలు. "18 పతకాలు" అని లావక్షరాలు. ఆ 18లో ఐదు, ఇందాక చెప్పానే, నలుగురి డ్రాలో ఒక్క గెలుపైనా లేకుండా వచ్చిన కాంస్యాలు. అవన్నీ లెక్కలో పడ్డాయి. పడనిది ఒకే ఒక్క జాతీయ పోటీ. అతను 57 కిలోల మనిషి. జట్టులో 60కి ఎవరూ లేకపోతే, తూకానికి ముందు అరడజను అరటిపళ్లు తిని, చెంబులకొద్దీ నీళ్లు తాగి పైబరువులో దిగాడు. రెండు బౌట్లు గెలిచాడు. క్వార్టర్స్‌లో, ఆ ఏడాది విజేత అయినవాడి చేతిలో పాయింట్ల మీద ఓడాడు. మూడో రౌండ్ పూర్తిగా ఇతనిదే, మొదటి రెండూ అతనివి. పతకం లేదు. ఇచ్చిన కాగితం మీద "పాల్గొన్నాడు" అని ఒక్క మాట. పతకం రాలేదు కదా అని నేను ఆ ఊసే ఎత్తలేదు. ఓటమి అనే మాట పత్రంలో ఉంటే సన్మానానికి మచ్చ అనుకున్నాను.

ఆ క్వార్టర్స్‌లో గెలిచినతను విశాఖ నుంచి బస్సెక్కి సన్మానానికొచ్చాడు. ఎవరూ పిలవలేదు, ఎలాగో తెలుసుకుని వచ్చాడు. రెండో వరసలో కూర్చుని, పత్రం చదువుతున్నంతసేపూ ముందుకి వంగి విన్నాడు, తమ బౌట్ మాట వస్తుందేమోనని. రాలేదు. చప్పట్లు కొట్టి, భోజనానికి ఆగకుండా ఆఖరి బస్సుకి వెళ్లిపోయాడు. సన్మానం అందుకున్నతను నా పత్రాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దోపుకున్నాడు. వాళ్లింటికి ఇప్పుడు వెళ్లినా ముందుగదిలో అద్దం కట్టించి ఉన్నది నా పత్రం కాదే అమ్మలూ, ఆ "పాల్గొన్నాడు" కాగితం.

అందుకే చెబుతున్నా, ఓటములు రాయి. ఎవరి చేతిలో, ఏ బరువులో, ఏ రౌండ్‌లో అన్నదీ రాయి. మన నిజామాబాద్ నిఖత్ జరీన్‌ని చూడు. 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల్లో, 2023లో ఢిల్లీలో 50 కిలోల్లో ప్రపంచ చాంపియన్. 2024 పారిస్‌లో ప్రీక్వార్టర్స్‌లోనే ఓడింది. అంతటితో వాక్యం ఆపితే అది నిజం, కానీ న్యాయం కాదు. ఓడించిన చైనా అమ్మాయి వూ యు టాప్ సీడ్, చివరికి స్వర్ణం కూడా ఆమెదే. బలమైనవాళ్లు ముందే ఢీకొనకుండా డ్రాలో విడివిడిగా పెట్టే సీడింగ్ నిఖత్‌కి లేకపోబట్టి అంత ముందే ఎదురుపడాల్సొచ్చింది. మేరీ కోమ్ లండన్ కాంస్యం కూడా అంతే. 2012లో మహిళలకి పెట్టినవి మూడే బరువులు, 51, 60, 75. ప్రపంచ టైటిళ్లు 48 లోపు గెలిచిన మనిషి 51కి ఎక్కి, తనకన్నా ఒడ్డూపొడుగూ ఉన్నవాళ్లతో కొట్లాడి తెచ్చింది.

అన్యాయమైన తీర్పు ఒకటో రెండో అతను తప్పకుండా చెబుతాడు. "మోసం చేశారు" అని రాయకు, తీర్పు ఎంతకెంతో రాసి ఊరుకో. 1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్లో అమెరికా బాక్సర్ రాయ్ జోన్స్ 3-2తో ఓడినట్టు ప్రకటించారు. ఆ ఒలింపిక్స్‌లో ఉత్తమ బాక్సర్‌కిచ్చే వాల్ బార్కర్ ట్రోఫీ మాత్రం ఆ ఓడినవాడికే దక్కింది. ఈ రెండు ముక్కలూ పక్కపక్కన పెడితే చాలదూ?

అతని ఆట ఏమిటో ఒక్కటైనా దగ్గరగా చూసి రాయాలి. అతను ఎడమచేతి వాటం కదా. కుడిచేతి వాటం వాడితో తలపడినప్పుడు ఇద్దరి ముందుపాదాలూ ఒకదానికొకటి అడ్డొస్తాయి. తన కుడిపాదం అవతలివాడి ఎడమపాదానికి బయటివైపు పెట్టగలిగితే, ఎడమచేతి దెబ్బకి తిన్నగా దారి దొరుకుతుంది, తన తల వాడి కుడిచేతి దారిలోంచి తప్పుకుంటుంది. ఎడమవాటం బాక్సర్ సగం బతుకు ఆ జానెడు చోటు కోసమే. వాళ్ల అరుగు మీద సుద్దముక్కతో నాలుగు పాదాలు గీసి చూపించమను. ఏ పాదం ముందు కదిలిందో, మడమ ఎప్పుడు లేచిందో అడుగు. తను చెప్పలేకపోయినా కాళ్లు చెబుతాయి. ప్రాక్టీసులో అతని దెబ్బలు కాసిన కుర్రాళ్లెవరో కూడా అడిగి పేర్లు రాసుకో, వాళ్లకి ఏ పత్రమూ ఉండదు.

ఇంకొక్కటి, ఇది బతిమాలుతున్నానే తల్లీ. "ఎన్ని దెబ్బలు తిన్నా పడలేదు" అన్న మాట రాయకు. వినడానికి బాగుంటుంది, వినే కుర్రాళ్లు తల ముందుకి పెట్టడం నేర్చుకుంటారు. మహమ్మద్ అలీ లెక్క 56 గెలుపులు, ఐదు ఓటములు. ఆ ఐదులో మూడు ఆఖరి నాలుగు బౌట్లలోవే. 1981లో ఆపాడు, 1984కి పార్కిన్సన్స్ అని తేల్చారు. దెబ్బల వల్ల బాక్సర్లు మత్తులో ఉన్నట్టు తూలడం గురించి మార్ట్‌లాండ్ అనే డాక్టర్ 1928లోనే రాశాడు. తలనొప్పి, మతిమరుపు ఏమైనా ఉన్నాయా అని అతని భార్యని విడిగా అడుగు. అది రాయడానికి కాదు. ఉంటే నరాల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లమని చెప్పడానికి. సభలో ఎవడో ఒకడు మైకు పట్టుకుని "ఇంకో ఏడాది ఆడాలి" అంటాడు, జనం ఈలలేస్తారు. వక్తల జాబితా నీ చేతిలో ఉంచుకో. ముప్పై ఐదో ఏట తనంతట తను ఆపాడని పత్రంలో ఒక వాక్యం పెట్టు. అదీ అతని ఖాతాలో వెయ్యాల్సిందే.

చిత్తుప్రతి ప్రెస్‌కి ఇచ్చే ముందు నాకు పంపు. అంతకన్నా ముందు అతనికి చదివి వినిపించు. ఎక్కడ చూపు దించుకుంటాడో ఆ వాక్యం కొట్టెయ్యి.

నోటుబుక్కులో ప్రత్యర్థుల గడి నిండాక, వాళ్లలో రాగలిగినవాళ్లని పిలవమని స్వాగత సంఘానికి చెప్పు. పేరుపేరునా ఫోన్ నువ్వే చెయ్యి. ముందు వరసలో కుర్చీల మీద కాగితం అంటించి పేర్లు రాయించు. విశాఖ వైపు నుంచి వచ్చేవాళ్లుంటే ఆ రాత్రికి గది చూసి ఉంచండి. భోజనాలు పత్రం చదవకముందే పెట్టించు.

మీ పెదనాన్న